పునరుజ్జీవన కాలపు క్రైస్తవ లోహపేటికను ఎలా చూడాలి

మ్యూజియంలో పెద్ద చిత్రపటం ముందు నిలబడినంత సేపు మనం చిన్న లోహపేటిక ముందు నిలబడము. మెరుపు ఆకర్షిస్తుంది, పనితనానికి ఆశ్చర్యపోతాము, అంతలో ముందుకు కదులుతాము. అయితే పునరుజ్జీవన కాలంలో, అంటే 15, 16 శతాబ్దాలలో, ఇటలీ, ఫ్రాన్సు, జర్మన్ నగరాలలోని స్వర్ణకారులు తయారు చేసిన పేటికలలో కొన్నింటి మీద యేసుక్రీస్తు జీవితకథ యావత్తూ జానెడు స్థలంలో ఇమిడి ఉంటుంది. దానిని ఏ వరుసలో చూడాలో, దేనిని దేనితో పోల్చాలో తెలిస్తే, ఒక్క పేటిక ముందు గంటసేపు గడపవచ్చు. మ్యూజియానికి వెళ్లేవారికీ, మంచి ఛాయాచిత్రాల ద్వారా ఇటువంటి వస్తువులను అధ్యయనం చేసేవారికీ, తమ ఇంటిలోనో చర్చిలోనో పాత లోహపేటిక ఉన్నవారికీ పనికివచ్చే పద్ధతిని ఇక్కడ వివరిస్తున్నాను.

బొమ్మల జోలికి వెళ్లకముందే, ఈ పేటికలో ఏమి ఉంచేవారు అన్న ప్రశ్న వేసుకోవాలి. నా అభిప్రాయంలో మిగిలిన ప్రశ్నలన్నీ దీని మీదే ఆధారపడి ఉన్నాయి. దివ్య సత్ప్రసాదాన్ని (పూజలో క్రీస్తు శరీరంగా భావించే రొట్టెను) భద్రపరచిన పేటిక, పునీతుల (సెయింట్ల) అవశేషాలను ఉంచిన పేటిక, అభిషేక తైలాల సీసాలను పెట్టిన పెట్టె, సంపన్న గృహంలో నగలు దాచుకున్న పెట్టె, ఇవన్నీ పైకి ఒకేలా కనిపించవచ్చు. తేడా వివరాలలో ఉంటుంది. అవశేషాలను భక్తులు కళ్లారా చూడాలి కనుక అటువంటి పేటికకు తరచుగా స్ఫటికపు కిటికీయో గాజు పలకో ఉంటుంది. నగల పెట్టెకు గట్టి తాళం, లోపల గుడ్డ అతికించిన గుర్తులు, కొన్నిసార్లు చిన్న అరలు కనిపిస్తాయి. సత్ప్రసాదాన్ని తాకే లోపలి భాగానికి బంగారు పూత పూయడం చర్చి ఆచారం. బయట వెండి నల్లబడి ఉన్నా లోపల పసిమి మిగిలి ఉంటే ఆ సంగతిని తప్పకుండా గమనించాలి.

దీనికి చక్కని ఉదాహరణ ఫ్లోరెన్సు నగరంలో, పిట్టీ ప్యాలెస్‌లోని గ్రాండ్ డ్యూకుల ఖజానా మ్యూజియంలో ఉంది. విచెంజా నగరానికి చెందిన రత్నశిల్పి వలేరియో బెల్లి 1532లో ఏడవ క్లెమెంట్ పోపు కోసం పూర్తి చేసిన పేటిక అది. బంగారు పూత పూసిన వెండి చట్రంలో, మీనా పని (లోహం మీద గాజు రంగులు కరిగించి అతికించే పని) అలంకరణ మధ్య, స్ఫటిక ఫలకాలను బిగించారు. ఆ ఫలకాల మీద క్రీస్తు జీవితఘట్టాలు, ముఖ్యంగా ఆయన శ్రమల ఘట్టాలు, అంటే సిలువ మరణం దాకా ఆయన పడిన బాధల ఘట్టాలు, చెక్కి ఉన్నాయి. పవిత్ర గురువారం నాడు సత్ప్రసాదాన్ని భద్రపరచడానికి ఉద్దేశించిన పేటిక అని తెలియగానే ఆ దృశ్యాల ఎంపిక అర్థమవుతుంది. ఆ రాత్రే ప్రభువు తన శరీరాన్ని రొట్టె రూపంలో శిష్యులకు ఇచ్చాడు, ఆ రాత్రే పట్టుబడ్డాడు. లోపల ఉన్నదేమిటో బయటి గోడలు చెబుతున్నాయన్నమాట. తరువాత 1533లో పోపు తన బంధువైన కేథరిన్ దె మెదిచిని ఫ్రాన్సు రాజకుమారుడికిచ్చి మార్సెయ్‌లో వివాహం చేసిన సందర్భంగా, ఇదే పేటికను ఫ్రాన్సు రాజు మొదటి ఫ్రాన్సిస్‌కు కానుకగా ఇచ్చాడు. ఆరాధన కోసం చేసిన వస్తువు కొద్ది కాలానికే రాజకీయ బహుమతి అయింది. అందువల్ల మొదటి ప్రశ్నకు ఒకటి కంటే ఎక్కువ సమాధానాలు ఉండవచ్చు: దేనికోసం చేశారు, తరువాత దేనికి వాడారు అన్న రెండింటినీ విడివిడిగా రాసుకోవాలి.

ఇక దృశ్యాలను చదవడం మొదలుపెట్టవచ్చు. తాళం ఉన్న వైపును ముందు గోడగా తీసుకుని, అక్కడి నుంచి ఎడమ నుంచి కుడికి ఒక చుట్టు తిరిగి, చివరన మూత మీదికి రావడం సురక్షితమైన పద్ధతి. పునరుత్థానం, ఆరోహణం, మహిమలో ఉన్న క్రీస్తు వంటి పైలోకపు దృశ్యాలను మూత మీద ఉంచడానికి కళాకారులు ఇష్టపడ్డారు. అయితే వరుస ఎక్కడైనా తెగితే, ఉదాహరణకు సమాధి చేసిన దృశ్యం తరువాత రోమన్ అధిపతి పిలాతు ఎదుట విచారణ కనిపిస్తే, దానిని వెంటనే కళాకారుడి పొరపాటుగా భావించకూడదు. మరమ్మతు సమయంలో ఫలకాలను ఊడదీసి తప్పు చోట బిగించడం చాలా పేటికల విషయంలో జరిగింది. ఆ ఫలకం చుట్టూ ఉన్న చీలలను, టంకాన్ని మిగిలిన వాటితో పోల్చి చూస్తే నిజం బయటపడుతుంది.

శ్రమల ఘట్టాలు చిన్న పరిమాణంలో ఒకదానితో ఒకటి కలిసిపోతాయి. అందువల్ల ముఖాలను చూడడం కంటే చేతులలోని వస్తువులను చూడడం మేలు. గాడిద, ఖర్జూరపు మట్టలు ఉంటే అది యెరూషలేము ప్రవేశం. బల్ల చుట్టూ కూర్చున్నవారిలో ఒకడు డబ్బు సంచిని పట్టుకుని ఉంటే అతడు క్రీస్తును శత్రువులకు పట్టించిన ఇస్కరియోతు యూదా, క్రీస్తు రొమ్మున ఆనుకుని ఉన్న యువకుడు యోహాను. ముగ్గురు నిద్రపోతుండగా ఒకరు మోకరించి ప్రార్థిస్తే గెత్సేమనే తోట. గుంపులో ఒకడు కత్తి ఎత్తి, మరొకడు చెవి పట్టుకుని కింద పడి ఉంటే అది యూదా ముద్దు పెట్టి క్రీస్తును పట్టించిన క్షణం: కత్తి పేతురుది, చెవి ప్రధాన యాజకుడి దాసుడైన మల్కుది. విచారణ దృశ్యాలలోనే ఎక్కువమంది తడబడతారు. సింహాసనం మీద ఉన్నవాడు తన వస్త్రాన్ని చింపుకుంటే ప్రధాన యాజకుడు కయప, కిరీటం ధరించి ఉంటే రాజు హేరోదు, పళ్లెంలో చేతులు కడుక్కుంటే పిలాతు. కొరడా దెబ్బల దృశ్యంలో స్తంభం ఉంటుంది, ముళ్ల కిరీటం పెట్టే దృశ్యంలో చేతిలో రెల్లు ఉంటుంది. సిలువ మోసే దారిలో గుడ్డ పట్టుకుని నిలబడిన స్త్రీ వెరోనికా, వెనుక నుంచి సిలువకు చేయి అందించేవాడు కురేనీయుడైన సీమోను. వెరోనికా కథ సువార్తలలో లేదు, చర్చి సంప్రదాయంలో ఉంది. ఈ కళాకారులు బైబిలుతో పాటు ప్రార్థన గ్రంథాలనూ, పండుగ ఊరేగింపులనూ, నాటకాలనూ మనసులో పెట్టుకుని పని చేశారు గనుక, కేవలం వాక్యంతో సరిపోల్చుకుంటూ పోతే కొన్ని దృశ్యాలు చిక్కవు. విరిగిన తలుపుల మీద నిలబడి ఒక ముసలివాడి చేయి పట్టుకుని పైకి లాగుతున్న క్రీస్తు ఆ కోవకే చెందుతాడు: ఆయన పాతాళానికి దిగి ఆదామును విడిపిస్తున్నాడు.

సిలువ దృశ్యానికి ప్రత్యేకంగా సమయం ఇవ్వాలి, ఎందుకంటే స్వర్ణకారుడి ఆలోచన అక్కడే ఎక్కువగా బయటపడుతుంది. పైన ఐఎన్‌ఆర్‌ఐ అనే లాటిన్ అక్షరాలు నజరేయుడైన యేసు యూదుల రాజు అన్న మాటలకు సంక్షేపం. పాదాల దగ్గర కపాలం ఉంటే అది ఆదాముదని భక్తుల విశ్వాసం. తల్లి మరియ సాధారణంగా క్రీస్తుకు కుడి వైపున, అంటే చూసేవారికి ఎడమ వైపున ఉంటుంది, యోహాను రెండవ వైపున ఉంటాడు. వారి స్థానాలు తారుమారైతే ఆ బొమ్మను అద్దంలో తిప్పినట్లుగా నకలు చేశారేమోనని అనుమానించాలి. ఈ సూచన తరువాతి దశలో చాలా ఉపయోగపడుతుంది.

పునీతులను గుర్తించడం ఇంకొంచెం తేలిక. తాళపుచెవులు పేతురువి, కత్తి పౌలుది, చక్రం అలెగ్జాండ్రియా కేథరిన్‌ది, గోపురం బార్బరాది, ఇనుప జల్లెడ మంచం లారెన్స్‌ది, పరిమళ తైలపు భరిణె మగ్దలేనే మరియది. నాలుగు మూలలలో రెక్కలున్న ఆకారాలు కనిపిస్తే అవి సువార్తికులు, అంటే సువార్తలు రాసిన నలుగురు: మనిషి రూపం మత్తయి, సింహం మార్కు, ఎద్దు లూకా, గద్ద యోహాను. ఊహించని పునీతుడు ఒకరు ప్రముఖంగా కనిపిస్తే, ఆ పేటికను చేయించిన వ్యక్తి పేరో, ఊరో, మఠమో ఆ పునీతుడితో ముడిపడి ఉండే అవకాశం ఉంది. పక్కన కుటుంబ చిహ్నపు డాలు ఉంటే రెంటినీ కలిపి వెతకాలి.

తరువాతి దశ నాకు అన్నిటికంటే ప్రియమైనది: ఈ దృశ్యాన్ని మొదట ఎవరు గీశారో తెలుసుకోవడం. స్వర్ణకారులు తరచుగా ఇతరుల చిత్రాలను ఆధారం చేసుకుని పని చేశారు. బెల్లి కూడా తన పనులలో ఇతరుల చిత్రాలనే ఆధారం చేసుకున్నాడని 16వ శతాబ్దపు చరిత్రకారుడు వజారి నమోదు చేశాడు. నూరెంబర్గ్ చిత్రకారుడు అల్బ్రెక్ట్ డ్యూరర్ 1511లో ప్రచురించిన చిన్న శ్రమల చిత్రమాలలో ముఖపత్రంతో కలిపి 37 చెక్క అచ్చు బొమ్మలు ఉన్నాయి. ఆ చిన్న కాగితాలు యూరప్ అంతటా కార్ఖానాలకు చేరాయి. ఫ్రాన్సులోని లిమోజ్ నగరంలో రాగి రేకు మీద మీనా రంగులతో చిత్రించినవారు వాటిని ఎన్నోసార్లు వాడుకున్నారు. కాబట్టి మీ ఎదుట ఉన్న దృశ్యాన్ని ఆ అచ్చు బొమ్మలతో పోల్చండి. నిలబడిన తీరు, చేతుల కదలిక, వెనుక ఉన్న ద్వారం సరిపోలితే, ఆ పేటిక మూలచిత్రం కంటే ముందుది కాదని తేలుతుంది. తారీకు లేని వస్తువు కాలాన్ని ఒక వైపు నుంచి బిగించడానికి ఇంతకంటే నమ్మదగిన మార్గాలు తక్కువ. సైనికులంతా ఎడమ చేత కత్తి పట్టుకున్నా, క్రీస్తు ఎడమ చేతితో ఆశీర్వదిస్తున్నా, మూలచిత్రం తిరగబడిందని గ్రహించి, ఛాయాచిత్రాన్ని అద్దంలో చూసి మళ్లీ పోల్చాలి.

మూలం ఒక్కోసారి కాగితం కాక శిల్పం అవుతుంది. రోములో 1506లో నేలలో నుంచి బయటపడిన లావొకూన్ ప్రాచీన శిల్పసమూహం కళాకారులను కదిలించివేసింది. మొదెర్నో అన్న పేరుతో సంతకం చేసిన వెరోనా స్వర్ణకారుడు, కొరడా దెబ్బలు తింటున్న క్రీస్తును వెండి ఫలకం మీద తీర్చినప్పుడు, ఆ లావొకూన్ దేహపు మెలికనే క్రీస్తుకు ఇచ్చాడు. ఆ ఫలకం ఇప్పుడు వియన్నా కళాచరిత్ర మ్యూజియంలో ఉంది. పాముల చేత చుట్టబడిన అన్యమత పూజారి వేదన, స్తంభానికి కట్టిన ప్రభువు వేదనగా మారడం నాకు ఆ యుగం మొత్తాన్ని ఒక్క అరచేతి ఫలకంలో చూపినట్లు అనిపిస్తుంది. ఇటువంటి ఫలకాలకు కంచు నకళ్లు పోతపోసి పెట్టెలకూ, సిరాబుడ్లకూ, పూజలో ముద్దుపెట్టుకునే శాంతి ఫలకాలకూ బిగించేవారు. బెల్లి స్ఫటికాల నుంచి కూడా అలాగే అచ్చులు తీశారు. ఆయన స్ఫటికం వెనుక వైపున లోతుగా చెక్కితే, ముందు నుంచి చూసేవారికి అది ఉబ్బెత్తుగా కనిపిస్తుంది. ఆ చెక్కుడు నుంచి తీసిన అచ్చు కూడా ముందు నుంచి కనిపించే దిక్కులోనే ఉంటుంది. అందువల్ల స్ఫటికాన్నీ కంచు ఫలకాన్నీ నేరుగా పక్కపక్కన పెట్టి పోల్చవచ్చు.

ఇప్పుడు లోహం. ఉబ్బెత్తు బొమ్మను రేకు మీద సుత్తితో తీర్చారా, పోతపోశారా అన్నది ముందుగా తేల్చుకోవాలి. జనగామ దగ్గరి పెంబర్తి కళాకారులు ఇత్తడి రేకు మీద పని చేస్తుండగా చూసినవారికి మొదటి పద్ధతి కొత్త కాదు. రేకును మెత్తని పట్టు మీద ఉంచి, వెనుక నుంచి కొట్టి ఉబ్బించి, మళ్లీ ముందు నుంచి ఉలులతో రూపు దిద్దుతారు. యూరప్ స్వర్ణకారులు ఆ పట్టు కోసం గుగ్గిలం వంటి జిగురులో ఇటుకపొడి కలిపి వాడారు. ఈ పద్ధతిలో చేసిన ఫలకం వెనుక వైపు ముందు బొమ్మకు అనుగుణంగా గుంటలు పడి ఉంటుంది, లోహం పలుచగా ఉంటుంది, బాగా ఎత్తైన చోట, అంటే ముక్కు కొనల దగ్గర, మోకాళ్ల దగ్గర, సన్నని చీలికలు కనిపించవచ్చు. పోతపోసిన ఫలకం మందంగా ఉంటుంది, దాని మీద చిన్న సూది రంధ్రాలు ఉండవచ్చు, అంచులు మొద్దుగా ఉంటే ఆ తరువాత ఉలితో పదును పెట్టిన గీతలు కనిపిస్తాయి. నాలుగు మూలలలోని నలుగురు దేవదూతల మీద ఒకే చోట ఒకే లోపం ఉంటే నలుగురూ ఒక్క అచ్చు నుంచి వచ్చినవారే. సుత్తితో తీర్చిన రెండు బొమ్మలు అలా ఎన్నటికీ సరిపోలవు. ఒకే పేటికలో రెండు పద్ధతులూ కలిసి ఉండడం మామూలే: గోడలు రేకుపని, కాళ్లూ మూలబొమ్మలూ పోతపని.

బంగారు పూత గురించి కూడా తెలుసుకోవాలి. ఆ కాలంలో బంగారాన్ని పాదరసంలో కలిపి, ఆ ముద్దను వెండి మీద పూసి, నిప్పు మీద కాచేవారు. పాదరసం ఆవిరైపోయి బంగారం అంటుకుని మిగిలేది. ఆ పొగ పనివారి ఆరోగ్యాన్ని పాడుచేసేది, ఆ మెరుపు వెనుక ఉన్న మూల్యం అది. పూతలో కొద్దిగా పాదరసం నిలిచిపోతుంది కనుక, ఎక్స్‌రే ఆధారిత లోహ పరీక్షలో అది బయటపడితే పాత పద్ధతి వాడారని తెలుస్తుంది. 19వ శతాబ్దంలో వచ్చిన విద్యుత్ పూతలో పాదరసం ఉండదు. కంటితో చూసేటప్పుడు అరుగుదలను గమనించండి. మూత అంచు, పిడి, తాళం చుట్టుపక్కల, కాళ్ల కింద, అంటే చేతులు తాకే చోట, బల్లకు ఆనే చోట పూత అరగాలి. ఎవరూ తాకని లోతైన మడతలలో అరిగి, పిడి మీద కొత్తగా మెరిసే పేటికను అనుమానించాలి.

ముద్రలు దొరికితే పని సులువవుతుంది. నూరెంబర్గ్ వెండి మీద ఎన్ అక్షరం, ఆగ్స్‌బర్గ్ వెండి మీద పైన్ కాయ గుర్తు ఊరి ముద్రలు. పక్కనే స్వర్ణకారుడి సొంత గుర్తు ఉండవచ్చు. అవి అడుగున, మూత లోపలి అంచున ఉంటాయి గనుక మ్యూజియం ప్రదర్శనలో కనిపించవు, వివరణ పత్రంలో వెతకాలి. అయితే ముద్ర ఒక్కటే సాక్ష్యం కాదు, ఎందుకంటే పాత వస్తువు నుంచి ముద్ర ఉన్న ముక్కను కోసి కొత్తదానికి అతికించడం మోసగాళ్లకు తెలిసిన విద్యే.

19వ శతాబ్దాన్ని విడిగా గుర్తుపెట్టుకోవాలి. సంపన్నులు పునరుజ్జీవన కాలపు వస్తువుల కోసం పోటీపడిన ఆ రోజులలో, నకళ్లు విరివిగా పుట్టాయి. ఇంగ్లండులో ఎల్కింగ్టన్ సంస్థ 1840లో విద్యుత్ పూతకు పేటెంటు పొందింది. 1867లో యూరప్ రాజవంశీయులు తమ తమ దేశాల కళాఖండాల నకళ్లను మ్యూజియాల కోసం ఇచ్చిపుచ్చుకోవడానికి ఒప్పందం మీద సంతకాలు చేశారు. అవి విద్యార్థుల కోసం బహిరంగంగా చేసిన నకళ్లు, వాటిలో మోసం లేదు. అటువంటి వాటి లోపలి వైపు సుత్తి దెబ్బలు ఉండవు, గరుకైన ఇసుక రేణువుల వంటి ఉపరితలం ఉంటుంది. మోసం వేరే చోట జరిగింది. జర్మనీలోని ఆఖెన్ నగరానికి చెందిన స్వర్ణకారుడు రైన్‌హోల్డ్ వాస్టర్స్ గీసిన పని చిత్రాలు లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్నాయి. 1970ల చివరలో పరిశోధకులు వాటిని గమనించిన తరువాత, ప్రసిద్ధ సేకరణలలో 16వ శతాబ్దానివిగా చలామణి అవుతున్న అనేక వస్తువులు ఆయన కార్ఖానాలో పుట్టినవని తేలింది. న్యూయార్క్ మెట్రొపాలిటన్ మ్యూజియంలోని రోస్పిగ్లియోసి పాత్ర వాటిలో ఒకటి. ఇత్తడి విషయంలో లోహమే సాక్ష్యం చెబుతుంది: జింకును విడి లోహంగా తీసే పద్ధతి యూరప్‌లో 18వ శతాబ్దంలో గాని రాలేదు, అంతకుముందు పద్ధతిలో చేసిన ఇత్తడిలో జింకు సుమారు 30 శాతం దాటడం కష్టం. పరీక్షలో అంతకంటే బాగా ఎక్కువ వస్తే 16వ శతాబ్దపు తారీకును వదులుకోవాలి. యంత్రంతో చేసిన, ఒకేలాంటి మరలు కూడా ఇటీవలి చేతిని పట్టిస్తాయి, కానీ అవి మరమ్మతువి మాత్రమే కావచ్చు కనుక వాటిని బట్టి పేటిక మొత్తాన్ని తోసిపుచ్చకూడదు.

మీ దగ్గరే అటువంటి పేటిక ఉంటే ఒక్క మాట గట్టిగా చెప్పదలచుకున్నాను: తోమకండి. చింతపండు, నిమ్మరసం, బజారులో దొరికే పాలిష్ ఏదీ వద్దు. పాత బంగారు పూత చాలా పలుచన, ఒక్క శుభ్రతతో శతాబ్దాల పని పోతుంది. మీనా పని తేమకు పగులుతుంది, కనుక నీటిలో ముంచకూడదు. నైట్రైల్ చేతి తొడుగులతో (రబ్బరులోని గంధకం వెండిని నల్లబరుస్తుంది), రెండు చేతులతో అడుగు భాగాన్ని పట్టుకుని ఎత్తాలి, మూతనో పిడినో పట్టుకుని ఎన్నడూ ఎత్తకూడదు. కంచు మీద లేత ఆకుపచ్చ పొడి రాలుతుంటే అది లవణాల వల్ల వచ్చే లోహవ్యాధి, వెంటనే పొడి వాతావరణంలో ఉంచి సంరక్షణ నిపుణులకు చూపించాలి. భారతదేశంలో నూరేళ్లు దాటిన ఇటువంటి వస్తువులు 1972 నాటి పురావస్తు చట్టం పరిధిలోకి వస్తాయి, వాటిని ప్రైవేటు వ్యక్తులు విదేశాలకు పంపడం నేరం.

ఇటలీ వెళ్లలేనివారు ఈ పద్ధతిని సాధన చేయడానికి గోవా చక్కని చోటు. పాత గోవాలోని బోమ్ జీసస్ బసిలికాలో పునీత ఫ్రాన్సిస్ శౌరి (ఫ్రాన్సిస్ జేవియర్) దేహాన్ని ఉంచిన వెండి పేటికను 1636, 1637 సంవత్సరాలలో గోవా వెండి పనివారు తయారు చేశారు. ఇటలీకి చెందిన జెస్విట్ గురువు మార్సెల్లో మస్త్రిల్లి దానికి కారకుడు. దాని చుట్టూ 32 వెండి ఫలకాల మీద పునీతుడి జీవితం ఉంది. కాలక్రమంలో అది పునరుజ్జీవన కాలం తరువాతిదే అయినా, ఫలకాల చుట్టూ కథను నడిపించే తీరు ఆ సంప్రదాయానిదే. ఆ పేటిక కింద ఉన్న పాలరాతి సమాధి నిర్మాణాన్ని ఫ్లోరెన్సు శిల్పి ఫొజ్జీని తయారు చేయగా, తస్కనీ గ్రాండ్ డ్యూక్ మూడవ కోసిమో దె మెదిచి కానుకగా పంపాడు, 1698లో దానిని గోవాలో నిలిపారు. ఏడవ క్లెమెంట్ పోపు కూడా మెదిచి ఇంటి పేరువాడే. ఆ నిర్మాణం నాలుగు వైపులా కంచు ఫలకాలు ఉన్నాయి. అంటే గోవా పనివారి వెండి ఫలకాలూ, ఫ్లోరెన్సులో పోసిన కంచు ఫలకాలూ ఒకే పునీతుడి కథను పైనా కిందా చెబుతున్నాయి.

పేటిక ఎత్తులో ఉంటుంది కనుక చిన్న దుర్భిణి వెంట తీసుకుని వెళ్లండి. ముందుగా కంచు ఫలకాలను ఒక చుట్టు చూసి, ఏ వైపు ఏ ఘట్టం ఉందో రాసుకోండి. తరువాత వెండి ఫలకాలలో అవే ఘట్టాలు ఎక్కడున్నాయో వెతకండి. ఇద్దరు శిల్పులు పునీతుడి చేతిలో సిలువను ఎలా పట్టించారో, చుట్టూ ఉన్న ప్రజల దుస్తులను ఎలా మలిచారో, ఎక్కడ దూరాన్ని లోతుగా చూపారో, ఎక్కడ మనుషులను ఒకే వరుసలో నిలిపారో ఒక్కొక్కటిగా పోల్చండి. ఆ తరువాత అక్కడికి దగ్గరలోనే పునీత మోనికా మఠంలో ఉన్న క్రైస్తవ కళా మ్యూజియంలో గోవా వెండి వస్తువులను దగ్గరగా చూడవచ్చు, పైన దుర్భిణిలో అనుమానంగా మిగిలిన పనితనపు వివరాలను అక్కడ సరిచూసుకోవచ్చు.